పాత చిన్న ట్రాక్టర్‌లో శక్తి తగ్గితే: గడ్డి కోతకు ముందు వరుసగా చూడవలసినవి

తోటల్లో గడ్డి కోసే పాత చిన్న ట్రాక్టర్లు సరిగ్గా వానలు పడి గడ్డి ఏపుగా ఎదిగిన రోజుల్లోనే మొరాయిస్తుంటాయి. ఖాళీ నేలపై చక్కగా నడిచే బండి చెట్ల వరుసల మధ్యకు వెళ్లి బ్లేడు తిప్పగానే రొప్పుతుంది, నల్లగా పొగ వదులుతుంది, చివరికి ఆగిపోతుంది. ‘బోరు పోయింది, ఇంజన్ దించాలి’ అన్న మాట వెంటనే వినిపిస్తుంది. కొన్నిసార్లు అది నిజమే కావచ్చు. అయితే శక్తి తగ్గడానికి గల కారణాల్లో పెక్కు ఇంజన్‌కు వెలుపలే ఉంటాయి. వాటిలో చాలావాటిని పెద్దగా ఖర్చు లేకుండా, ఇంటి వద్దనే తేల్చుకోవచ్చు.

రోగం ఒకటైతే మందు మరొకటి వేసినట్లు, పిస్టన్, లైనర్, రింగులు మార్పించిన తర్వాత కూడా పాత లోపమే మిగిలితే సొమ్ముతోపాటు కోత అదను కూడా పోతుంది. అందువల్ల పరీక్షకు ఒక వరుస అవసరం. మొదట బరువు, తర్వాత గాలి, ఆ తర్వాత డీజిల్, అటుపిమ్మట వేడి, చిట్టచివర ఇంజన్ లోపలి భాగాలు. ఈ వరుసలో ఖర్చు తక్కువైనవి ముందు, ఎక్కువైనవి వెనుక వస్తాయి.

చిన్న ట్రాక్టర్‌లో చిన్న లోపమే పెద్దది

మన దేశంలో 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సగటు కమతం 1.08 హెక్టార్లు. ఇలాంటి కమతాలకు, ముఖ్యంగా చెట్ల వరుసల మధ్య సేద్యానికి, 15 నుంచి 20 అశ్వశక్తి గల చిన్న డీజిల్ ట్రాక్టర్లు అనువుగా ఉంటాయి. నాసిక్ ప్రాంతపు ద్రాక్ష తోటల్లోనైనా, గోదావరి జిల్లాల ఆయిల్‌పామ్ తోటల్లోనైనా వీటి వెనుక తిరిగే బ్లేడు గల గడ్డి కోత యంత్రాన్ని తగిలించి కలుపు అణచివేయడం తెలిసిన పద్ధతే.

ఒక మెట్రిక్ అశ్వశక్తి 735.5 వాట్లకు సమానం. ఆ లెక్కన 15 అశ్వశక్తి అంటే సుమారు 11 కిలోవాట్లు. బావుల వద్ద వాడే 5 అశ్వశక్తి మోటార్లు మూడింటి పెట్టు. ఈ శక్తి అంతా బ్లేడుకు చేరదు. గేర్లు, చక్రాలు, హైడ్రాలిక్ పంపు తమ వాటా తాము తీసుకుంటాయి. 50 అశ్వశక్తి ట్రాక్టర్‌లో 3 అశ్వశక్తి తగ్గితే అది 6 శాతం మాత్రమే, నడిపేవారికి తెలియకపోవచ్చు. 15 అశ్వశక్తి ట్రాక్టర్‌లో అదే 3 తగ్గితే ఐదో వంతు పోయినట్లే. అందుకే మూసుకుపోయిన ఫిల్టరు వంటి చిన్న లోపం కూడా చిన్న ట్రాక్టర్‌ను గడ్డిలో నిలబెట్టేస్తుంది.

శక్తి తగ్గిందా, బరువు పెరిగిందా?

ముందుగా అడగవలసిన ప్రశ్న ఇదే. దీనికి జవాబు తెలియాలంటే ఇంజన్ ఆపి, కోత యంత్రాన్ని పూర్తిగా విడదీసి ట్రాక్టర్‌ను మాత్రమే నడిపి చూడాలి. విడిగా ఉన్నప్పుడు బండి మునుపటిలా పరుగెడుతుంటే చూపు ముందు కోత యంత్రంపైకి మళ్లాలి.

మొద్దుబారిన బ్లేడు గడ్డిని కోయదు, చీలుస్తుంది. చీల్చడానికి ఎక్కువ శక్తి కావాలి. కోసిన చోట గడ్డి కొనలు తెల్లగా పీచులు తేలి ఉంటే బ్లేడు పదును పోయిందని గుర్తు. తిరిగే ఇరుసు చుట్టూ గడ్డి, ప్లాస్టిక్ తాళ్లు, డ్రిప్ పైపు ముక్కలు చుట్టుకున్నాయేమో చూడాలి. కోత యంత్రపు గేర్ బాక్సులో ఆయిల్ ఉందా, బేరింగులు బిగుసుకున్నాయా అన్నది ఇంజన్ ఆపి, తాళం చెవి తీసిన తర్వాత బ్లేడును కర్రతో నెమ్మదిగా తిప్పితే తెలిసిపోతుంది. బెల్టుతో నడిచే యంత్రమైతే బెల్టు జారుతోందేమో గమనించాలి. కాలిన రబ్బరు వాసన దానికి ఆనవాలు.

నడిపే పద్ధతి కూడా ముఖ్యమే. వెనుక యంత్రాలను తిప్పే పీటీఓ షాఫ్టుకు ప్రామాణిక వేగం నిమిషానికి 540 చుట్లు. ఇంజన్ ఎంత వేగంతో తిరిగితే ఆ 540 చుట్లు వస్తాయో ట్రాక్టర్ పుస్తకంలో రాసి ఉంటుంది. డీజిల్ ఆదా అవుతుందని యాక్సిలరేటర్ తగ్గించి, పెద్ద గేరులో గడ్డిని కోయడం ఒక సాధారణ పొరపాటు. అప్పుడు ఇంజన్ వేగం, బ్లేడు వేగం రెండూ పడిపోయి యంత్రం తొక్కిపట్టినట్లు అవుతుంది. గడ్డి కోతకు ఇంజన్ వేగం నిండుగా, నడక గేరు చిన్నదిగా ఉండాలి. మోకాలి ఎత్తు దాటిన గడ్డిని, తడి గడ్డిని ఒకేసారి అడుగంటా కోయకుండా రెండు విడతలుగా కోస్తే పాత ఇంజన్ కూడా తట్టుకుంటుంది.

ట్రాక్టర్ విడిగా ఉన్నప్పుడు కూడా బరువుగా కదులుతుంటే బ్రేకులు పట్టేసి ఉన్నాయేమో చూడాలి. చదునైన నేలపై, గేరు న్యూట్రల్‌లో ఉంచి ఇద్దరు మనుషులు తోస్తే చిన్న ట్రాక్టర్ కదలాలి. కదలకపోతే బ్రేకు సర్దుబాటు, టైర్లలో గాలి సరిచూసుకోవాలి.

ఇంజన్ శబ్దం చెప్పే తేడా

గడ్డిలోకి వెళ్లినప్పుడు ఇంజన్ శబ్దం ఎలా మారుతుందన్నది మంచి ఆధారం. బరువు పడగానే ఇంజన్ శబ్దం మందగించి, వేగం పడిపోతుంటే లోపం ఇంజన్‌కు అందే గాలి, డీజిల్, కంప్రెషన్‌లలో ఉండవచ్చు. ఇంజన్ శబ్దం తగ్గకుండా, పైగా హెచ్చుతూ, బండి నడక మాత్రం నెమ్మదిస్తుంటే ఇంజన్‌లో లోపం లేదు. క్లచ్ జారుతోంది. ఈ తేడా గమనించకపోతే క్లచ్ ప్లేటు మార్చవలసిన చోట ఇంజన్ దించవలసి వస్తుంది.

క్లచ్‌ను పరీక్షించడానికి చదునైన నేలపై, ముందు ఎవరూ లేకుండా చూసుకొని, చక్రాలకు అడ్డు పెట్టి, బ్రేకు వేసి, పెద్ద గేరులో మితమైన వేగంతో క్లచ్ పెడల్‌ను నెమ్మదిగా వదలాలి. క్లచ్ బాగుంటే ఇంజన్ ఆగిపోతుంది. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు అరిగింది, లేదా పెడల్‌కు ఉండవలసిన ఖాళీ నడక లేకుండా పోయింది. ఈ ఖాళీ నడకను సర్దితే కొన్నిసార్లు అక్కడితోనే సమస్య తీరుతుంది.

బరువు లేనప్పుడు కూడా ఇంజన్ నిండు వేగం అందుకోకపోతే యాక్సిలరేటర్ తీగను, కడ్డీలను చూడాలి. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు డీజిల్ పంపుపై ఉన్న లివరు తన చివరి మరను తాకాలి. పాతబడిన తీగ సాగడం, పిన్నులు అరగడం వల్ల లివరు సగం దూరమే కదులుతుంది. పాత బండ్లలో వేగం చూపే మీటరు పనిచేయకపోవడం మామూలే. అప్పుడు తిరిగే భాగంపై మెరిసే పట్టీ అంటించి దూరం నుంచి వేగం కొలిచే చిన్న టాకోమీటరుతో లెక్క తేల్చుకోవచ్చు.

పొగ రంగు

ఇంజన్ లోపల జరిగేది పొగ రంగులో తెలుస్తుంది. నల్ల పొగ అంటే డీజిల్‌కు తగినంత గాలి అందడం లేదు, లేదా మోయలేని బరువు పడింది. నాజిల్ సరిగా చిమ్మకపోయినా నల్ల పొగే వస్తుంది. చల్లని ఉదయం స్టార్ట్ చేసినప్పుడు కాసేపు తెల్ల పొగ రావడం సహజం. ఇంజన్ వేడెక్కిన తర్వాత కూడా అది ఆగకపోతే డీజిల్ కాలకుండానే బయటికి పోతోందని అర్థం. డీజిల్‌లో నీరు, డీజిల్ చిమ్మే సమయం తప్పడం, కంప్రెషన్ తగ్గడం దానికి కారణాలు. తెల్ల పొగతోపాటు రేడియేటర్‌లో నీరు కూడా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. నీలి పొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది.

పొగ ఏమీ లేకుండా శక్తి మాత్రమే తగ్గడం కూడా ఒక సూచనే. అప్పుడు ఇంజన్‌కు డీజిల్ చాలినంత అందడం లేదని ముందుగా అనుకోవాలి.

గాలి: అన్నిటికన్నా ముందు ఎయిర్ క్లీనర్

ఒక కిలో డీజిల్ పూర్తిగా మండడానికి సుమారు 14.5 కిలోల గాలి కావాలి. అంటే ఒక లీటరు డీజిల్‌కు దాదాపు 10,000 లీటర్ల గాలి. డీజిల్ ఇంజన్ నిజానికి అంతకన్నా ఎక్కువే పీలుస్తుంది. గడ్డి కోసేటప్పుడు ఈ గాలితోపాటు దుమ్ము, పుప్పొడి, గడ్డి నూగు కూడా వచ్చి ఎయిర్ క్లీనర్‌లో చిక్కుకుంటాయి. కాబట్టి దున్నకం కన్నా కోత పనిలో దీనిని తరచుగా శుభ్రం చేయవలసి ఉంటుంది.

చాలా పాత ట్రాక్టర్లలో ఆయిల్ నింపిన గిన్నె గల ఎయిర్ క్లీనర్ ఉంటుంది. గిన్నెలో ఆయిల్ గీత వరకే ఉండాలి. తక్కువైతే దుమ్ము ఆగదు, ఎక్కువైతే గాలికి అడ్డుపడుతుంది. ఆయిల్ బురదగా మారితే పారబోసి, గిన్నెను, తీగ జాలీని డీజిల్‌తో కడిగి ఆరబెట్టి కొత్త ఆయిల్ పోయాలి. కాగితపు ఫిల్టరు గల బండ్లలో దానిని పెట్రోల్‌తోగాని డీజిల్‌తోగాని కడగరాదు. లోపలి నుంచి బయటికి తక్కువ పీడనంతో గాలి కొట్టాలి. చిరిగినా, నల్లబడినా మార్చివేయాలి.

ఎయిర్ క్లీనర్ నుంచి ఇంజన్‌కు వెళ్లే రబ్బరు గొట్టం పగిలిందేమో, క్లిప్పులు వదులయ్యాయేమో తప్పక చూడాలి. ఆ పగులు ద్వారా వడపోత లేని దుమ్ము నేరుగా సిలిండర్‌లోకి పోయి రింగులను, లైనర్‌ను ఒరిపిడి రాయిలా అరగదీస్తుంది. ఒక గొట్టాన్ని పట్టించుకోకపోవడం వల్ల నిజంగానే బోరు చేయించవలసిన స్థితి వస్తుంది.

గాలి లోపలికి వచ్చే దారి ఎంత ముఖ్యమో పొగ బయటికి పోయే దారి కూడా అంతే. ఏళ్ల తరబడి మసి పేరుకున్న సైలెన్సర్, దెబ్బతగిలి నొక్కుకుపోయిన గొట్టం, వాడకుండా ఉంచిన నెలల్లో పురుగులు కట్టిన మట్టి గూళ్లు ఇంజన్ ఊపిరిని బిగబట్టిస్తాయి.

డీజిల్: ట్యాంకు మూత నుంచి నాజిల్ దాకా

పది పదిహేను నిమిషాలు బాగా నడిచి, తర్వాత నీరసించి ఆగిపోయి, కాసేపు ఊరుకుంటే మళ్లీ నడిచే ట్రాక్టర్లు ఉంటాయి. ఇటువంటప్పుడు మొదట ట్యాంకు మూతను చూడాలి. డీజిల్ తగ్గే కొద్దీ ట్యాంకులోకి గాలి రావడానికి మూతలో చిన్న రంధ్రం ఉంటుంది. అది మట్టితో మూసుకుపోతే లోపల శూన్యం ఏర్పడి డీజిల్ రావడం మానుతుంది. బండి నీరసించినప్పుడు మూత వదులు చేయగానే తేరుకుంటే లోపం దొరికినట్లే.

ఆ తర్వాత ట్యాంకు అడుగున చేరిన చెత్త, కింది గాజు గిన్నెలోని నీరు, డీజిల్ ఫిల్టరు వరుసగా చూడాలి. సగం ఖాళీ ట్యాంకులో రాత్రి చల్లదనానికి తేమ నీరై అడుగుకు చేరుతుంది. సాయంత్రమే ట్యాంకు నింపి ఉంచడం, ఉదయం అడుగు మర వదులు చేసి కొంచెం డీజిల్ పోనివ్వడం మంచి అలవాట్లు. డబ్బాల్లో తెచ్చిన డీజిల్‌ను సన్నని జాలీతో వడపోయాలి. కిరోసిన్ కలిసిన డీజిల్‌కు జిడ్డు తక్కువ కావడంతో పంపులోని భాగాలు త్వరగా అరుగుతాయి. ఆ భాగాల మధ్య సందు కొద్ది మైక్రాన్లు మాత్రమే, తల వెంట్రుక మందంలో ఎన్నో వంతు.

ఫిల్టరు మార్చిన తర్వాత గొట్టాల్లో చిక్కుకున్న గాలిని తీయాలి. ఫిల్టరుపై ఉన్న మరను వదులు చేసి, చేతి పంపును బుడగలు ఆగేవరకు కొట్టి బిగించాలి. తర్వాత డీజిల్ పంపుపై ఉన్న మర వద్ద అదే పని చేయాలి. గాలి మళ్లీ మళ్లీ చేరుతుంటే ట్యాంకు నుంచి పంపుకు వచ్చే దారిలో ఎక్కడో వాషరు గాని గొట్టం గాని దెబ్బతిన్నదని గ్రహించాలి. అక్కడ డీజిల్ చెమ్మ కూడా కనిపించవచ్చు.

నాజిల్ పరీక్షను వర్క్‌షాపులోనే చేయించాలి. పాత తరహా నాజిళ్లలో చాలావరకు సుమారు 200 బార్ పీడనం వద్ద డీజిల్‌ను పొగమంచులా చిమ్ముతాయి. అది మోటారుసైకిల్ టైరులోని గాలి పీడనానికి దాదాపు వంద రెట్లు. పొగమంచులా కాకుండా ధారగా కారితే డీజిల్ సరిగా మండదు. శక్తి తగ్గుతుంది, పిస్టన్‌కూ చేటు కలుగుతుంది. రెండు మూడు సిలిండర్ల ఇంజన్‌లో ఏది పనిచేయడం లేదో మెకానిక్ ఒక్కొక్క నాజిల్ గొట్టపు నట్టును వదులు చేసి, శబ్దంలో మార్పును బట్టి చెబుతాడు. ఏ నట్టు వదులు చేసినప్పుడు శబ్దం మారదో ఆ సిలిండర్‌లోనే లోపం ఉంది.

శక్తి చాలడం లేదని పంపుపై సీలు వేసిన మరను తిప్పి డీజిల్ పెంచడం కొన్నిచోట్ల జరుగుతుంది. గాలి చాలని ఇంజన్‌కు డీజిల్ పెంచితే నల్ల పొగ, వేడి, ఖర్చు పెరుగుతాయి. అసలు లోపం అలాగే ఉండిపోతుంది.

వేడి, ఎత్తు

కోత సమయంలో గాలిలోకి లేచిన గడ్డి ముక్కలు రేడియేటర్ ముందు జాలీని మూసివేస్తాయి. ఇంజన్ వేడెక్కుతుంది, శక్తి తగ్గుతుంది. పని మధ్యలో ఇంజన్ ఆపి జాలీని దులపాలి. ఫ్యాన్ బెల్టు బిగువు, నీటి మట్టం చూసుకోవాలి.

వాతావరణం ప్రభావం కూడా కొంత ఉంటుంది. గాలి ఉష్ణోగ్రత 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు పెరిగితే దాని సాంద్రత సుమారు 6 శాతం తగ్గుతుంది. టర్బో లేని ఇంజన్ ప్రతి 100 మీటర్ల ఎత్తుకు దాదాపు 1 శాతం శక్తి కోల్పోతుంది. మైదానంలో వాడిన ట్రాక్టర్‌ను 2,000 మీటర్ల ఎత్తున ఉన్న హిమాచల్ ఆపిల్ తోటకో, నేపాల్ కొండ వాలుకో తీసుకువెళితే ఐదో వంతు శక్తి తగ్గినట్లు అనిపించడం సహజం. దానికి మరమ్మతు లేదు. కోత వెడల్పు తగ్గించుకోవడమే మార్గం.

చివరిగా వాల్వులు, కంప్రెషన్

పైవన్నీ సరిగా ఉన్నా శక్తి రాకపోతే అప్పుడే లోపలికి చూడాలి. అక్కడ కూడా మొదటిది ట్యాపెట్ల సందు. చాలా చిన్న ఇంజన్లలో ఇది 0.2 నుంచి 0.4 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ఖచ్చితమైన కొలత, దానిని ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూడాలా వేడిగా ఉన్నప్పుడు చూడాలా అన్నది ఆ ఇంజన్ పుస్తకం ప్రకారమే పాటించాలి. సందు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ జారిపోతుంది. ఫీలర్ గేజీతో గంటలో అయ్యే ఈ సర్దుబాటుతోనే కొన్ని ఇంజన్లు తేరుకుంటాయి.

రింగులు, లైనర్ అరిగాయనడానికి ఆనవాళ్లు వేరు. ఉదయం స్టార్ట్ కావడానికి చాలాసేపు పట్టడం, ఆయిల్ మాటిమాటికీ తగ్గడం, బ్రీదర్ గొట్టం నుంచి పొగ తన్నుకు రావడం, నీలి పొగ. వీటిలో రెండు మూడు కలిసి కనిపించినప్పుడు కంప్రెషన్ గేజీతో కొలిపించాలి. తక్కువ వస్తే, మెకానిక్ సిలిండర్‌లో ఒక చెంచాడు ఆయిల్ మాత్రమే వేసి మళ్లీ కొలుస్తాడు. అప్పుడు కొలత పెరిగితే రింగులు, లైనర్ అరిగినట్లు. పెరగకపోతే లోపం వాల్వుల్లోనో, గ్యాస్కెట్‌లోనో ఉంది. ఈ కొలత లేకుండా ఇంజన్ దించడానికి ఒప్పుకోనవసరం లేదు.

పెట్రోల్ ఇంజన్ అయితే

నగరాల పార్కుల్లో, క్రీడా మైదానాల్లో కూర్చొని నడిపే గడ్డి కోత బండ్లకు పెట్రోల్ ఇంజన్లు ఉంటాయి. బరువు, గాలి విషయంలో పై వరుసే వీటికీ వర్తిస్తుంది. ఆ తర్వాత స్పార్క్ ప్లగ్గు మసి, చోక్ పూర్తిగా తెరుచుకోవడం, కార్బొరేటర్‌లో పేరుకున్న జిగురు చూడాలి. దేశంలో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ అమ్ముతున్నారు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను మెత్తబరచగలదు. నెలల తరబడి వాడకుండా ఉంచే బండ్లలో పెట్రోల్ పూర్తిగా తీసివేయడం మేలు.

ప్రాణానికి సంబంధించిన జాగ్రత్తలు

పరీక్షల తొందరలో ప్రమాదాలు జరుగుతాయి. బ్లేడును, పీటీఓ షాఫ్టును తాకే ముందు ఇంజన్ ఆపి, తాళం చెవి తీసి, తిరగడం పూర్తిగా ఆగేవరకు వేచి ఉండాలి. పంచె, తువ్వాలు, చీర కొంగు తిరిగే షాఫ్టు దగ్గరికి రాకూడదు. షాఫ్టుపై కవరు లేకుండా నడపకూడదు. నాజిల్ చిమ్మే డీజిల్‌కు చేయి అడ్డు పెట్టరాదు. ఆ పీడనానికి డీజిల్ చర్మం చీల్చుకొని లోపలికి పోతుంది. గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. వేడి రేడియేటర్ మూత తీయరాదు. మూసిన షెడ్డులో ఇంజన్ నడపరాదు. బ్లేడు తిరుగుతున్నప్పుడు రాళ్లు దూరంగా ఎగిరిపడతాయి కాబట్టి పిల్లలను, పశువులను దగ్గర ఉండనీయరాదు.

నేర్చుకోవడానికి ప్రభుత్వ సంస్థలు

ట్రాక్టర్ల పరీక్షకు, శిక్షణకు కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన సంస్థల్లో మొదటిది మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఉంది. అది 1955లో ప్రారంభమైంది. హిస్సార్, అస్సాంలోని బిశ్వనాథ్ చారియాలి, అనంతపురం జిల్లా గార్లదిన్నెలో మిగతా ప్రాంతీయ సంస్థలు ఉన్నాయి. దక్షిణాది రైతులకు, మెకానిక్‌లకు, యువతకు యంత్రాల వాడకం, మరమ్మతులపై గార్లదిన్నెలో శిక్షణ లభిస్తుంది. జిల్లాల్లోని కృషి విజ్ఞాన కేంద్రాల వద్ద కూడా సలహా పొందవచ్చు.

మెకానిక్ వద్దకు వెళ్లేముందు ఒక కాగితంపై నాలుగు విషయాలు రాసుకుంటే పని సులువవుతుంది. శక్తి ఒక్కసారిగా తగ్గిందా, నెమ్మదిగా తగ్గిందా. పొగ ఏ రంగు. వేడెక్కిన తర్వాత లోపం పెరుగుతోందా, తగ్గుతోందా. ఎయిర్ క్లీనర్, డీజిల్ ఫిల్టరు ఎప్పుడు శుభ్రం చేశారు, ఎప్పుడు మార్చారు. ఒక్కసారిగా తగ్గితే సాధారణంగా డీజిల్, గాలి, గ్యాస్కెట్ వంటి కారణాలు ఉంటాయి. ఏళ్ల మీద నెమ్మదిగా తగ్గితే అరుగుదలకు అవకాశం ఎక్కువ. మరమ్మతు చేయించిన తేదీ, మార్చిన భాగాలు కూడా అదే కాగితంపై చేర్చి భద్రపరిస్తే మరుసటి కోత కాలానికి అది పనికివస్తుంది.